ఇంట్లో పండ్ల స్మూతీ: ఏవి కలపాలి, ఏవి కలపకూడదు, ఎవరు జాగ్రత్త పడాలి

ఎండలు ముదిరేసరికి ఇళ్లలో మిక్సీలకు పని పెరుగుతుంది. ఉదయం ఆఫీసుకు బయలుదేరే తొందరలో అల్పాహారానికి బదులుగా ఒక గ్లాసు, బడి నుంచి వచ్చిన పిల్లలకు సాయంత్రం మరో గ్లాసు చేసి ఇవ్వడం నగరాల్లోనే కాదు, చిన్న పట్టణాల్లోనూ అలవాటుగా మారింది. పండ్లను పాలు లేదా పెరుగుతో కలిపి చిక్కగా తిప్పుకునే ఈ పానీయానికి స్మూతీ అన్న పేరు కొత్తదే గానీ పద్ధతి కొత్తది కాదు. ఉత్తర భారతంలో లస్సీ తరతరాలుగా ఉంది. పెరుగన్నంలో మామిడిపండు కలుపుకోవడం తెలుగు ఇళ్లకు ఎప్పటి నుంచో తెలిసిన రుచి.

అయితే ఈ పానీయానికి ఇతర వంటకాలకు లేని ఒక ప్రత్యేకత ఉంది. పప్పుకైనా కూరకైనా నిప్పు సెగ తగులుతుంది. నీటిలోనో, కూరగాయలోనో సూక్ష్మజీవులు ఉంటే ఆ వేడికి చాలావరకు నశిస్తాయి. స్మూతీకి ఆ దశ లేదు. పండు మీద ఉన్నది, కత్తి మీద ఉన్నది, నీటిలో ఉన్నది, మంచులో ఉన్నది అన్నీ నేరుగా గ్లాసులోకి చేరతాయి. అందువల్ల ఇందులో పోషకాలు ఎన్ని ఉన్నాయన్న ప్రశ్నకు ముందే ఇది ఎంత శుభ్రంగా తయారైందన్న ప్రశ్న వస్తుంది. ఆ తరువాతి ప్రశ్న చక్కెరది.

రసానికీ స్మూతీకీ తేడా

పండ్ల రసం వడకట్టినప్పుడు పిప్పితో పాటు పీచు పదార్థంలో అధిక భాగం పోతుంది. స్మూతీలో పండు మొత్తంగా నలిగి పానీయంలోనే ఉంటుంది కాబట్టి పీచు మిగులుతుంది. రసం కంటే స్మూతీ మెరుగన్న మాటకు ఆధారం ఇదే. స్మూతీని కూడా వడకట్టి తాగితే ఆ ప్రయోజనం అక్కడితో ముగుస్తుంది.

అంతమాత్రాన అది పండుతో సమానం కాదు. పండును నమిలి తినడానికి సమయం పడుతుంది, ఆ సమయంలో కడుపు నిండిన భావన కలుగుతుంది. రెండు అరటిపండ్లు, ఒక మామిడిపండు వరుసగా తినడం చాలామందికి కష్టం. అవే మిక్సీలో వేస్తే రెండు నిమిషాల్లో తాగేయవచ్చు. 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడిన ఒక విస్తృత అధ్యయనంలో, పండ్లను పండ్లుగా తినేవారిలో టైప్ 2 మధుమేహం ముప్పు తక్కువగా, పండ్ల రసాలు ఎక్కువగా తాగేవారిలో ఆ ముప్పు ఎక్కువగా కనిపించింది. ఈ రెండింటి నడుమ స్మూతీ ఎటు మొగ్గుతుందన్నది దాన్ని తయారు చేసే తీరు మీద ఆధారపడి ఉంటుంది.

పరిమాణం విషయంలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు ఒక కొలమానంగా ఉపకరిస్తాయి. రోజుకు 2,000 కిలో కేలరీల ఆహారం తీసుకునే వ్యక్తికి సుమారు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు అవి సూచిస్తున్నాయి. బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవా సంస్థ మరింత కచ్చితంగా, పండ్ల రసాలు, స్మూతీలు అన్నీ కలిపి రోజుకు 150 మిల్లీలీటర్లు మించవద్దని చెబుతోంది. దుకాణాల్లో ఇచ్చే పెద్ద గ్లాసు దీనికి రెండింతలు ఉంటుంది.

చక్కెర లెక్క

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాల ప్రకారం, విడిగా కలిపే చక్కెరల నుంచి వచ్చే శక్తి రోజువారీ మొత్తంలో 10 శాతానికి మించకూడదు. 5 శాతం లోపు ఉంటే మరింత మేలు. 2,000 కిలో కేలరీల ఆహారంలో ఇది వరుసగా 50 గ్రాములు, 25 గ్రాములు అవుతుంది. టీ చెంచాల్లో చెప్పాలంటే పన్నెండు, ఆరు. ఈ లెక్కలోకి పంచదారతో పాటు తేనె, పాకం, పండ్ల రసాల్లోని చక్కెర కూడా వస్తుంది.

బయట దొరికే మామిడి షేక్‌ను ఉదాహరణగా తీసుకుంటే, నాలుగు చెంచాల పంచదారతో 16 గ్రాములు, ఒక ఉండ ఐస్‌క్రీమ్‌తో మరో 10 గ్రాములకు పైగా చేరతాయి. పండులోని చక్కెరను లెక్కించకముందే 25 గ్రాముల హద్దు దాటిపోతుంది. పంచదార బదులు బెల్లం, తేనె వాడితే నష్టం లేదన్న అభిప్రాయం విస్తృతంగా ఉన్నా, శరీరం వాటిని చాలావరకు పంచదారలాగే స్వీకరిస్తుంది. బాగా మాగిన అరటిపండు, సపోటా, నానబెట్టిన రెండు ఖర్జూరాలు తగినంత తీపినిస్తాయి. ఏలకుల పొడి, దాల్చిన చెక్క వంటి సుగంధ ద్రవ్యాలు తీపి తగ్గిన లోటును తెలియనివ్వవు.

ఈ జాగ్రత్త దేశానికి ఎంత అవసరమో గణాంకాలు తెలుపుతున్నాయి. భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగి 2023లో ప్రచురితమైన జాతీయ అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్లకు పైగా ప్రజలు మధుమేహంతో జీవిస్తున్నారు. మరో 13.6 కోట్ల మంది దానికి ముందు దశలో ఉన్నారు. వీరికి ఆరోగ్య పానీయం పేరుతో అందే తీపి గ్లాసు మేలు కంటే కీడే ఎక్కువ చేయవచ్చు.

పండు ఎంపిక

కాలానికి అనుగుణంగా దొరికే పండు చవకగానూ, తాజాగానూ ఉంటుంది. వేసవిలో మామిడి, ఖర్బూజా, వానాకాలం ఆరంభంలో నేరేడు, చలికాలంలో జామ, సీతాఫలం, కమలా అందుబాటులోకి వస్తాయి. విటమిన్ సి కోసం విదేశీ పండ్లే కావాలన్న నియమం లేదు. 100 గ్రాముల జామపండులో 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది. ఇది నారింజలో ఉండే దానికి నాలుగింతలు.

మామిడి వంటి పండ్లను త్వరగా మాగించడానికి కాల్షియం కార్బైడ్ వాడటం దేశంలో నిషేధం. దాని నుంచి వెలువడే ఎసిటిలిన్ వాయువుతో పాటు ఆర్సెనిక్, ఫాస్ఫరస్ అవశేషాలు ఉంటాయి. తల తిరగడం, విపరీతమైన దాహం, మింగడంలో ఇబ్బంది, వాంతులు, చర్మంపై పుండ్లు వంటి సమస్యలకు ఇవి దారితీస్తాయని ఆహార భద్రత నియంత్రణ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2024 మామిడి సీజన్‌లో మరోసారి హెచ్చరించింది. దీనికి ప్రత్యామ్నాయంగా 100 పీపీఎం వరకు ఇథిలిన్ వాయువు వాడకాన్ని 2016లోనే ఆ సంస్థ అనుమతించింది. పండ్లు సహజంగా మాగేటప్పుడు విడుదల చేసే వాయువు కూడా ఇథిలినే. పచ్చికాయలు కొని ఇంట్లో వరిగడ్డిలోనో, బియ్యం డబ్బాలోనో మాగబెట్టుకోవడం పాతదే అయినా నమ్మదగిన పద్ధతి.

పక్షులు, గబ్బిలాలు కొరికిన పండును ఆ భాగం కోసేసి వాడుకోవడం కొన్నిచోట్ల కనిపిస్తుంది. ఇది ప్రమాదకరం. 2018లో కేరళలోని కోళికోడ్, మలప్పురం జిల్లాల్లో ప్రాణాలు తీసిన నిపా వైరస్‌కు సహజ ఆశ్రయం పండ్లు తినే గబ్బిలాలే. బంగ్లాదేశ్‌లో గబ్బిలాలు ముట్టిన ఈత జాతి చెట్ల పచ్చి రసం తాగినవారికి ఈ వ్యాధి సోకిన సందర్భాలు అనేకం నమోదయ్యాయి. పంటి గాట్లు ఉన్న పండును పూర్తిగా పారవేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. బూజు పట్టిన పండుకూ ఇదే నియమం వర్తిస్తుంది. మెత్తని పండులో బూజు కంటికి కనిపించేంత మేరకే పరిమితం కాదు.

కడగడం తొక్క తీయక ముందే

తొక్క తీసేసే పండును కడగడం ఎందుకన్న ప్రశ్న సహజం. కత్తి తొక్కను దాటి లోపలికి దిగేటప్పుడు పైనున్న మట్టినీ, సూక్ష్మజీవులనూ తనతో లోపలికి తీసుకుపోతుంది. 2011లో అమెరికాలో కలుషితమైన ఖర్బూజాల వల్ల లిస్టీరియా బ్యాక్టీరియా వ్యాపించి 30 మందికి పైగా మరణించారు. గరుకైన తొక్క ఉన్న ఖర్బూజా వంటి పండ్లను పారే నీటి కింద మెత్తని బ్రష్‌తో రుద్ది, శుభ్రమైన గుడ్డతో తుడిచాకే కోయాలి.

సబ్బు, డిటర్జెంట్‌తో పండ్లు కడగకూడదు. పండు తొక్కలోని సన్నని రంధ్రాల ద్వారా అవి లోపలికి చేరే అవకాశం ఉంది. ద్రాక్ష వంటి వాటిని గుత్తి నుంచి విడదీసి, కొంతసేపు నీటిలో ఉంచి, రెండు మూడుసార్లు నీరు మార్చి కడగాలి. లీటరు నీటికి 10 గ్రాముల వంట సోడా కలిపి 12 నుంచి 15 నిమిషాలు ఉంచితే యాపిల్ పైభాగంలో ఉన్న కొన్ని పురుగుమందుల అవశేషాలు తొలగిపోయినట్లు 2017లో అమెరికా శాస్త్రవేత్తల పరిశోధనలో తేలింది. తొక్క లోపలికి ఇంకిన మందును మాత్రం ఏ కడుగుడూ తీసివేయలేదు.

నీరు, మంచు, పాలు

స్మూతీలో కలిపే నీరు తాగడానికి పనికివచ్చేదై ఉండాలి. శుద్ధి చేసిన నీరు లేనప్పుడు మరిగించి చల్లార్చిన నీరు వాడాలి. మంచు ముక్కలూ అదే నీటితో ఇంట్లో చేసుకోవడం మేలు. చేపలు, ఇతర సరుకులు చల్లబరచడానికి తయారయ్యే మంచు తినడానికి ఉద్దేశించినది కాదు. రెండింటికీ తేడా తెలిసేలా, తినడానికి పనికిరాని మంచుకు నీలి రంగు కలపాలని మహారాష్ట్రలో 2018లో ఆదేశించారు. మంచు అవసరం లేకుండా చేసుకునే మార్గం కూడా ఉంది. తొక్క తీసి ముక్కలు కోసిన అరటిపండును ముందు రోజు రాత్రి ఫ్రీజర్‌లో ఉంచితే మరుసటి ఉదయం చల్లదనం, చిక్కదనం రెండూ దానితోనే వస్తాయి.

పాల విషయంలో, పాడి రైతు నుంచి నేరుగా కొన్న పచ్చి పాలను తప్పనిసరిగా కాచి చల్లార్చాలి. పచ్చి గుడ్డు కలపడం సురక్షితం కాదు. అనాస పండుతో పాలు లేదా పెరుగు కలిపితే వెంటనే తాగాలి. అనాసలోని బ్రొమెలైన్ అనే ఎంజైమ్ పాలలోని మాంసకృత్తులను విడగొట్టడం వల్ల కొద్దిసేపటికే పానీయం చేదెక్కుతుంది.

గింజల విషయంలో పొరపాటు వద్దు

పండును నోటితో తినేటప్పుడు గింజలను ఉమ్మివేయడం అలవాటు. మిక్సీలో వేసేటప్పుడు ఆ జాగ్రత్త తప్పుతుంది. బ్లేడుకు గుజ్జుకూ గింజకూ తేడా తెలియదు. సీతాఫలం గింజల్లో విష పదార్థాలు ఉంటాయి. పొరపాటున గింజ మింగినా అది నలగకుండా బయటకు పోవచ్చు గానీ పొడి అయితే హాని చేస్తుంది. ఆ పొడి కంటిలో పడినా తీవ్రమైన గాయం అవుతుంది. యాపిల్ గింజలను నలిపితే స్వల్పంగా సయనైడ్ విడుదలవుతుంది. ఒకటి రెండు గింజలతో ప్రమాదం లేకపోయినా మధ్య భాగాన్ని తీసివేసి వాడటమే పద్ధతి.

సొరకాయ చెప్పిన పాఠం

ఆరోగ్య స్పృహతో కొందరు పండ్లతో పాటు సొరకాయ, కీర దోసకాయ కూడా పచ్చిగా కలుపుతున్నారు. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త చేదుగా ఉన్న సొరకాయ రసం తాగి మరణించిన తరువాత భారత వైద్య పరిశోధన మండలి ఈ అంశాన్ని నిపుణుల బృందంతో పరిశీలింపజేసింది. ఈ జాతి కాయల్లో కుకుర్బిటసిన్లు అనే చేదు పదార్థాలు పెరిగినప్పుడు వాంతులు, జీర్ణాశయంలో రక్తస్రావం, రక్తపోటు పడిపోవడం వంటి తీవ్ర పరిణామాలు కలుగుతాయి. దీనికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు.

నిపుణుల సూచన చాలా సులువైనది. రసం తీయడానికి ముందు చిన్న ముక్క కోసి రుచి చూడాలి. చేదు తగిలితే కాయ మొత్తాన్ని పారవేయాలి. సొరకాయ రసాన్ని ఇతర రసాలతో కలపకూడదు. కలిపినప్పుడు పండ్ల తీపి ఆ చేదును కప్పివేస్తుంది, శరీరం ఇచ్చే తొలి హెచ్చరిక వినపడకుండా పోతుంది. తాగిన తరువాత వికారం, వాంతులు మొదలైతే ఇంటి చిట్కాలతో కాలయాపన చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఎవరు జాగ్రత్త పడాలి

మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి అరటి, కొబ్బరి నీళ్ల వంటి పొటాషియం ఎక్కువగా ఉండే పదార్థాలు ఇబ్బంది కలిగించవచ్చు. నక్షత్రాకారంలో ముక్కలయ్యే స్టార్ ఫ్రూట్‌ను వీరు పూర్తిగా మానుకోవాలి. అందులోని కొన్ని పదార్థాలను బలహీనపడిన మూత్రపిండాలు బయటకు పంపలేకపోవడం వల్ల ఎడతెగని ఎక్కిళ్లు, మూర్ఛ, ఒక్కోసారి ప్రాణాపాయం సంభవిస్తాయి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు పాలకూర వంటి ఆకుకూరలను ఒక్కసారిగా ఎక్కువ మోతాదులో కలుపుకోకూడదు. వాటిలోని విటమిన్ కె ఆ మందు ప్రభావాన్ని తగ్గిస్తుంది.

ఏడాది లోపు శిశువులకు ఏ రూపంలోనూ తేనె ఇవ్వకూడదు. బొట్యులిజం అనే అరుదైన, ప్రాణాంతక వ్యాధికి అది కారణం కావచ్చు. లిచీ విషయంలో బీహార్‌లోని ముజఫర్‌పూర్ అనుభవం గుర్తుంచుకోదగినది. అక్కడ పిల్లల మరణాలపై 2014లో పరిశోధన జరిపి 2017లో వెల్లడించిన ఫలితాల ప్రకారం, రాత్రి భోజనం చేయకుండా లిచీ పండ్లు ఎక్కువగా తిన్న పిల్లల్లో రక్తంలోని గ్లూకోజ్ ప్రమాదకరంగా పడిపోయింది. పిల్లలకు లిచీ స్మూతీ ఇవ్వాలనుకుంటే బాగా మాగిన పండ్లనే, కొద్ది మోతాదులో, భోజనం తరువాతే ఇవ్వాలి.

వ్యాయామశాలలకు వెళ్లే యువత ప్రోటీన్ పొడి కలపడం మామూలైంది. కండలు పెంచడానికి ఇటువంటి పొడులు వాడవద్దని జాతీయ పోషకాహార సంస్థ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. పెరుగు, నానబెట్టిన బాదం, వేయించిన పల్లీలు, అవిసె గింజలు అదే అవసరాన్ని ఆహార రూపంలో తీరుస్తాయి. పల్లీలు, బాదం సరిపడనివారు ఇంట్లో ఉంటే జార్‌ను బాగా కడిగాకే వారికోసం వాడాలి.

మిక్సీ శుభ్రత

జార్‌ను నీటితో తొలిచి పక్కన పెట్టడం సరిపోదు. మూతలోని రబ్బరు వాషర్ అడుగున, బ్లేడు కింది భాగంలో గుజ్జు పేరుకుపోతుంది. పెరుగు, పండు కలిసిన ఆ తడి సూక్ష్మజీవుల పెరుగుదలకు అనువైనది. వాడిన వెంటనే జార్‌లో సగం వరకు గోరువెచ్చని నీరు, రెండు చుక్కల ద్రవ సబ్బు వేసి కొద్ది క్షణాలు తిప్పాలి. వాషర్‌ను విడిగా తీసి కడిగి, జార్‌ను బోర్లించి ఆరబెట్టాలి. మాంసం, అల్లం వెల్లుల్లి ముద్ద నూరే జార్‌ను స్మూతీకి వాడకపోవడం మంచిది. బ్లేడు వద్ద చిక్కుకున్న ముక్కను తీసేముందు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ కూడా తీయాలి. మరిగే పాలు పోసి మూత బిగించి తిప్పితే ఆవిరి ఒత్తిడికి మూత ఎగిరి ఒళ్లు కాలే ప్రమాదం ఉంది.

తయారీ, నిల్వ

ఇద్దరికి సరిపడే స్మూతీకి 150 గ్రాముల మామిడి ముక్కలు, ఒక చిన్న అరటిపండు, 200 మిల్లీలీటర్ల తాజా పెరుగు, 100 మిల్లీలీటర్ల చల్లని మంచినీరు, చిటికెడు ఏలకుల పొడి చాలు. ముందుగా పండ్లు, కొద్దిగా నీరు వేసి మెత్తగా తిప్పాలి. ఆ తరువాత పెరుగు, మిగిలిన నీరు చేర్చి మరోసారి తిప్పాలి. అరగంట నానిన ఒక చెంచా సబ్జా గింజలను చివర్లో కలపాలి. పంచదార అక్కరలేదు. మామిడి లేని కాలంలో సపోటా, బొప్పాయి, గింజ తీసిన సీతాఫలం దాని స్థానంలో వాడుకోవచ్చు. మధుమేహం ఉన్నవారు అరటిపండును సగానికి తగ్గించి, జామ కలుపుకొని, వైద్యుల సలహా మేరకు పరిమాణం నిర్ణయించుకోవాలి. వారికి పండును పండుగా తినడమే మొదటి మార్గం.

తయారైన స్మూతీని వెంటనే తాగడం ఉత్తమం. గాలి తగిలే కొద్దీ విటమిన్ సి తగ్గుతుంది, యాపిల్, అరటి కలిసినవి నల్లబడతాయి. కొద్దిగా నిమ్మరసం ఆ మార్పును నెమ్మదింపజేస్తుంది. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉష్ణోగ్రతలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. అందువల్ల త్వరగా పాడయ్యే ఆహారాన్ని గది ఉష్ణోగ్రతలో రెండు గంటలకు మించి ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. 40 డిగ్రీలు దాటే తెలుగు రాష్ట్రాల వేసవిలో ఆ గడువును ఇంకా తగ్గించుకోవాలి. పిల్లల బడి సంచిలో ఉదయం పెట్టిన స్మూతీ సీసా మధ్యాహ్నానికి సురక్షితం కాదు. ఫ్రిజ్‌లో మూత పెట్టి ఉంచినా అదే రోజు ముగించాలి. పులుపున్న పండ్లు, పెరుగు కలిసిన పానీయాన్ని కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రల్లో ఉంచకూడదు. పులుపుకు లోహం కరిగి పానీయంలో కలుస్తుంది.

ఇన్ని జాగ్రత్తలు చూసి స్మూతీయే వద్దనుకోవలసిన పని లేదు. వీటిలో అధిక భాగం వంటింట్లో ఏటా నేర్చుకుంటూ వచ్చినవే. మంచి పండు, మంచినీరు, కడిగిన జార్, పంచదార డబ్బాకు దూరం, తయారైన వెంటనే తాగడం అన్న అయిదు అంశాలు పాటిస్తే పండు తినడానికి మొండికేసే పిల్లలకూ, పళ్లు లేక నమలలేని పెద్దలకూ ఇది పోషకాలను సులువుగా చేరవేసే మార్గం అవుతుంది. పళ్లు గట్టిగా ఉన్నవారికి మాత్రం జామకాయను కొరికి తినడాన్ని మించిన స్మూతీ లేదు.